గోదావరి డెల్టాలో పెరటి సేంద్రియ తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి పెరట్లోనో డాబా మీదనో రసాయనాలు వాడకుండా కూరగాయలు పండించుకోవాలనుకునే డెల్టా వాసులు ఏటా దాదాపు ఒకే సందేహాలు అడుగుతున్నారు. మెట్ట ప్రాంతాల కోసం చెప్పిన సలహాలను ఇక్కడ యథాతథంగా పాటించడం వల్లనే చాలా తోటలు మొదటి వానాకాలంలోనే పాడవుతున్నాయి. అక్కడ నీటిని నిలుపుకోవడం కష్టమైతే, ఇక్కడ నిలిచిన నీటిని బయటకు పంపడం కష్టం. ఈ సమాధానాలన్నీ ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసినవే. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మాది నల్ల బంకమట్టి. వానొస్తే బురద, ఎండొస్తే పగుళ్ళు. ఇందులో కూరగాయలు పండుతాయా?

తప్పకుండా పండుతాయి. డెల్టా నల్లమట్టి నది తెచ్చి పోసిన ఒండ్రు కనుక పోషకాలకు పెద్దగా కొదవ ఉండదు, కొరవడేది గాలి. బంకమట్టి రేణువులు చాలా సన్నగా ఉండటం వల్ల నీరు చేరగానే వాటి మధ్య ఖాళీలు మూసుకుపోయి వేళ్ళకు ఊపిరాడదు. అందువల్ల నేల మట్టంలో మొక్కలు పెట్టకుండా, 3 లేదా 4 అడుగుల వెడల్పుతో, అడుగు ఎత్తుతో మడులు కట్టుకోవాలి. రెండు మడుల మధ్య అడుగు వెడల్పు దారి వదిలి, ఆ దారిలోకి దిగిన నీరు పెరటి బయటికో పక్క బోదెలోకో పోయేలా వాలు ఇవ్వాలి. ఈ ఒక్క పని సరిగా చేస్తే సగం తెగుళ్ళు రావు.

మడి మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, ఆకు కంపోస్టు, కొంత ఊక కలిపితే రెండు మూడు పంటలకు మట్టి గుల్లబారుతుంది. బంకమట్టిలో ఇసుక కలపమనే సలహా తరచుగా వినిపిస్తుంది. అయితే మట్టి స్వభావం మారాలంటే ఇసుక చాలా పెద్ద మొత్తంలో పట్టాలి. నాలుగు తట్టలు పోస్తే మట్టి ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది. తడి మట్టిని తవ్వినా గడ్డలు కడుతుంది. గుప్పెడు మట్టిని ఉండ చేసి వేలితో నొక్కినప్పుడు పొడిగా విడిపోతేనే పార పెట్టాలి.

సముద్రానికి దగ్గర్లో ఉన్నాం. మట్టి మీద తెల్లగా పొడి పేరుకుంటోంది. ఏం చేయాలి?

అది ఉప్పు. అంతర్వేది, నరసాపురం, మొగల్తూరు వంటి తీర ప్రాంతాల్లో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. ఎండకు ఆ నీరు పైకి వచ్చి ఆవిరైపోగా ఉప్పు నేల మీద మిగిలిపోతుంది. పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువులున్నచోట ఊట వల్ల కూడా ఇలా జరుగుతుంది. వానాకాలంలో మడి చుట్టూ చిన్న గట్టు వేసి వాననీటిని మట్టిలో ఇంకనిచ్చి, ఆ నీరు కిందికి దిగి బోదెలోకి పోయే దారి చూపితే ఉప్పు దానితో కొట్టుకుపోతుంది. వేసవిలో నేలను ఖాళీగా వదలకుండా వరిగడ్డి కప్పి ఉంచాలి. వేసవి చివర జీలుగ చల్లి, పూతకు ముందే కోసి మట్టిలో కలిపితే ఎంతో మేలు జరుగుతుంది, ఎందుకంటే జీలుగ చౌడును తట్టుకుని పెరిగే పచ్చిరొట్ట. జిప్సం అన్ని చౌడు నేలలకూ పనిచేయదు. క్షార స్వభావం ఉన్న నేలకే అది అవసరం. అది మట్టి పరీక్షలోనే తేలుతుంది కనుక ముందుగా కొని చల్లవద్దు. నేల బాగుపడేవరకు పాలకూర, బీట్‌రూట్ వేసుకోండి. ఫ్రెంచి చిక్కుడు, క్యారెట్, ఉల్లి ఉప్పును ఏమాత్రం తట్టుకోలేవు.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. మా బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. మొక్కలకు పోయొచ్చా?

రుచి చూసి నిర్ణయించవద్దు. నీటి పరీక్షలో విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 0.7 డెసీసైమెన్‌ల లోపు ఉంటే ఏ పంటకైనా నిశ్చింతగా పోయవచ్చు. 3 దాటితే కూరగాయలకు పనికిరాదు. ఆ రెంటి మధ్య ఉంటే ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే పోయాలి. రోజూ కొద్దికొద్దిగా పోస్తే ఉప్పు వేళ్ళ దగ్గరే పేరుకుంటుంది కాబట్టి, మట్టి కాస్త ఆరనిచ్చి ఒకేసారి నిండుగా పోయడం మంచిది. డాబా మీది వాననీటిని తొట్టెల్లో పట్టి ఉంచుకుంటే నారుమడికైనా మంచినీరు దక్కుతుంది.

పెరడంతా కొబ్బరి చెట్ల నీడే. ఏం వేయొచ్చు?

వంగ, టమాట, బెండ వంటి కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి కనుక వాటి జోలికి పోకండి. కంద, చేమ, పసుపు, అల్లం, తీగబచ్చలి నీడలో చక్కగా వస్తాయి. కందా బచ్చలీ కలిపి వండుకునే ఈ ప్రాంతంలో, ఆ రెండూ నీడపట్టునే పండటం పెద్ద వెసులుబాటు. కొబ్బరి చెట్టు చురుకైన వేళ్ళు ఎక్కువగా మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి. అంతవరకు తవ్వకుండా వదిలేయండి. రాలిపడే కాయలు, మట్టలు తగలని చోటు చూసి నాటడం పిల్లలున్న ఇళ్ళలో మరీ ముఖ్యం.

డాబా మీద కుండీలు పెడితే శ్లాబు దెబ్బతింటుందా?

ఘనపు అడుగు తడిమట్టి 45 నుంచి 50 కిలోల వరకు తూగుతుంది. దీన్ని బట్టి మీ కుండీల బరువు లెక్క వేసుకుని, ఇల్లు కట్టిన మేస్త్రీనో ఇంజనీరునో అడగాలి. బరువైన తొట్టెలను దూలాల మీద, గోడల వెంబడి పెట్టాలి. చివికిన కొబ్బరి పొట్టు, కంపోస్టు, మట్టి సమపాళ్ళలో కలిపితే బరువు బాగా తగ్గుతుంది. కుండీలను ఇటుకల మీద నిలబెడితే శ్లాబు మీద తేమ నిలవదు.

## మట్టి, ఎరువులు

పశువుల ఎరువు, కోళ్ళ ఎరువు, వర్మికంపోస్టు: వీటిలో ఏది మంచిది?

మట్టిని గుల్లబరచడానికి పశువుల ఎరువుకు సాటి లేదు. అయితే అది పేడ వాసన పోయి, నల్లగా పొడిపొడిగా మారి ఉండాలి. పచ్చిపేడ వేస్తే వేడి పుడుతుంది, చెదలు చేరతాయి, కలుపు విత్తనాలు మొలుస్తాయి. అనపర్తి, బిక్కవోలు వైపు కోళ్ళ ఫారాలు ఎక్కువ కనుక కోళ్ళ ఎరువు సులువుగా దొరుకుతుంది. అందులో నత్రజని ఘాటుగా ఉంటుంది. నాలుగైదు నెలలు మాగబెట్టకుండా వేస్తే వేళ్ళు మాడిపోతాయి. వర్మికంపోస్టు మంచిదే అయినా ఖరీదు ఎక్కువ, అందువల్ల దానిని నారుకూ కుండీలకూ వాడుకుని, మడులకు పశువుల ఎరువు వేయడం తెలివైన పద్ధతి. చదరపు మీటరుకు పంటకొకసారి 2 నుంచి 3 కిలోల చివికిన ఎరువు సరిపోతుంది.

కొబ్బరి పొట్టు ఊరికే దొరుకుతోంది. నేరుగా మట్టిలో కలిపేయొచ్చా?

కలపకూడదు. పచ్చి పొట్టులో కర్బనం ఎంతో ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే లాక్కోవడంతో మొక్కలు పాలిపోతాయి. వగరు పదార్థమైన టానిన్ కూడా లేత వేళ్ళకు హాని చేస్తుంది. ఉప్పునీటిలో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే ఉప్పు కూడా ఉంటుంది. ముందుగా మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, పొరలుపొరలుగా పేడనీళ్ళు చల్లుతూ నీడలో కుప్ప వేయండి. తేమ ఆరకుండా చూస్తే కొన్ని నెలల్లో ముదురు గోధుమ రంగుకు మారుతుంది. అప్పుడది బంకమట్టిని గుల్లబరుస్తుంది, ఇసుక నేలలో తేమను నిలుపుతుంది.

చెరువు మట్టి వేస్తే మంచిదంటారు. ఏ చెరువైనా ఫర్వాలేదా?

ఊరి మంచినీటి చెరువులో వేసవిలో తీసిన పూడికమట్టి మంచిదే. రొయ్యల చెరువు అడుగు మట్టిని మాత్రం తెచ్చుకోవద్దు, అందులో ఉప్పుతోపాటు చెరువులో వాడిన మందుల అవశేషాలు ఉండవచ్చు.

వంటింటి చెత్తతో కంపోస్టు పెడితే కంపు కొట్టి పురుగులు పడుతున్నాయి. ఎందుకని?

తడి ఎక్కువై గాలి అందకపోవడమే కారణం. మన గాలిలో తేమ ఎక్కువ కనుక ఇక్కడ పొడి చెత్త పాలు పెంచాలి. ఒక వంతు కూరగాయల తొక్కులకు రెండు వంతుల ఎండుటాకులో, ముక్కలు చేసిన వరిగడ్డో, కొబ్బరి పీచో వేసి, వారానికొకసారి తిరగేయాలి. మిషన్ కోత తర్వాత చేలల్లో తగలబెట్టే గడ్డిలో రెండు మోపులు అడిగి తెచ్చుకుంటే ఏడాదికి సరిపోతుంది. వండిన అన్నం, నూనె, ఉప్పు ఉన్న పదార్థాలు, చేపల వ్యర్థాలు వేస్తే పందికొక్కులు చేరతాయి. చేపల వ్యర్థాలను సమాన బరువు బెల్లంతో కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో మూడు వారాలకు పైగా మాగబెట్టి వడకట్టండి. ఆ ద్రావణాన్ని లీటరు నీటికి 2 నుంచి 3 మిల్లీలీటర్ల చొప్పున పిచికారీ చేస్తే ఎదుగుదలకు పనికొస్తుంది.

జీవామృతం ఇంటి తోటకు ఎంత చేసుకోవాలి?

ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత ఎకరానికి 200 లీటర్లది. పెరటికి 10 లీటర్లు చాలు. 10 లీటర్ల నీటిలో అరకిలో దేశవాళీ ఆవు పేడ, అరలీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల సెనగపిండి, రసాయనాలు సోకని గట్టు మట్టి చిటికెడు కలపాలి. గోనెసంచి కప్పి నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలియతిప్పుతూ 48 గంటలు పులియబెట్టాలి. వారం లోపు వాడేయాలి. ఒక లీటరుకు 10 లీటర్ల నీళ్ళు చేర్చి, తేమగా ఉన్న మట్టిలో పదిహేను రోజులకొకసారి పోయండి. దీన్ని ఎరువుకు ప్రత్యామ్నాయంగా భావించకండి. మట్టిలో సేంద్రియ పదార్థం లేకపోతే ఇది పోసినా సూక్ష్మజీవులకు తిండి ఉండదు.

## విత్తనం, నారు

మన వాతావరణానికి ఏ నెలలో ఏది వేయాలి?

జూన్, జూలై నెలల్లో తొలకరి పడ్డాక బీర, కాకర, ఆనప, పొట్ల, బెండ, గోంగూర, చిక్కుడు విత్తుకోవాలి. ఇవి వానను తట్టుకుంటాయి, తీగజాతులు పందిరి ఎక్కితే నేల తేమకు దూరంగా ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో టమాట, వంగ, మిరప నారు పోసి, టమాట, వంగ నారును 25 నుంచి 30 రోజులకు, మిరప నారును దాదాపు 40 రోజులకు నాటుకోవాలి. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫానుల కాలం. అందుకే లేత నారును వాతావరణ హెచ్చరిక చూసుకుని నాటాలి, నాటిన వెంటనే కర్ర ఊతం ఇవ్వాలి. వానలు తగ్గాక పాలకూర, కొత్తిమీర, మెంతి, ముల్లంగి, కాబేజీ వేస్తే చలికాలమంతా వస్తాయి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లితే బాగా మొలుస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో దోస, గోరుచిక్కుడు, బెండ, తోటకూర విత్తుకుంటే వేసవి గడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో టమాట కోసం ప్రయాసపడకండి. రాత్రిళ్ళు కూడా చల్లబడని రోజుల్లో పూత రాలిపోతుంది.

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెస్తే వారానికే డీలా పడుతున్నాయి. ఎందుకు?

నర్సరీ సంచిలో ఎర్రమట్టి, మీ పెరట్లో నల్లమట్టి. నీరు ఈ రెంటిలో ఒకే తీరుగా ఇంకదు. గోతిలో నీరు నిలిచి వేరు ఉడికిపోతుంది. మొక్కను తెచ్చాక వారంపాటు నీడలో ఉంచి, సంచి మట్టం చుట్టుపక్కల నేల కన్నా రెండు అంగుళాలు ఎత్తుగా ఉండేలా నాటండి. సంచి విప్పినప్పుడు వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే చేతివేళ్ళతో మెల్లగా విడదీయాలి. నర్సరీలో మందులు కొట్టి ఉండవచ్చు కనుక ఆకుకూర, కరివేపాకు మొక్కల పాత ఆకులు తినకుండా కొత్త చిగుళ్ళ కోసం ఆగండి.

మొలిచిన నారు కాండం మొదలు దగ్గర మెత్తబడి పడిపోతోంది.

ఇది నారుకుళ్ళు తెగులు. ఒత్తుగా చల్లడం, నీరు నిలవడం దీనికి కారణాలు. నారుమడిని ఎత్తుగా కట్టి, పలచగా విత్తి, ఉదయం పూట మాత్రమే నీళ్ళు చల్లండి. విత్తే ముందు మడి మట్టిలో ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంద్రం కలిపిన పశువుల ఎరువు వేస్తే బాగా అదుపులో ఉంటుంది.

## పెరిగే దశ

ఆనపపాదుకు పూలు విరగబూస్తున్నాయి కానీ పిందె నిలవడం లేదు.

మొదట పూసేవన్నీ మగపూలు, అవి రాలిపోవడం సహజం. ఆడపువ్వుకు కింద చిన్న పిందె ఉంటుంది. అది కూడా పండుబారి రాలిపోతే పరాగ సంపర్కం జరగలేదని అర్థం. ఆనప, బీర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, కాకర, దోస పూలు ఉదయం విచ్చుకుంటాయి. విచ్చుకున్న వేళకు మగపువ్వు కోసి, రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాయండి. వరుస వానల రోజుల్లో తేనెటీగలు తిరగవు కనుక డెల్టాలో ఈ పని తరచుగా అవసరమవుతుంది.

చిక్కుడు పాదు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ లేదు. ఎరువు తక్కువైందా?

ఎరువు తక్కువ కాలేదు, ఎక్కువై ఉండవచ్చు. నాటు చిక్కుడు పగటి కాలం తగ్గితేనే పూస్తుంది. జూన్‌లో విత్తినా అక్టోబరు, నవంబరు వరకు ఆగవలసిందే. వేసవి ముందు విత్తితే ఆకు మాత్రమే మిగులుతుంది. చిక్కుడు వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి పేడ ఎరువు అదనంగా వేయకండి.

ఎన్ని రోజులకొకసారి నీళ్ళు పోయాలి?

రోజుల లెక్క పెట్టుకోవద్దు. వేలు రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూడండి. తడి తగిలితే పోయకండి. మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలి సాయంత్రానికి తేరుకుంటే అది దాహం కాదు.

## పురుగులు, తెగుళ్ళు

వేపనూనె కొట్టినా పురుగులు చావడం లేదు. కల్తీదా?

కావచ్చు, కానీ ఎక్కువసార్లు కారణం వేరు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడ చంపదు. అది ఆకును తినాలనిపించకుండా చేస్తుంది, పిల్లపురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎండకు అది త్వరగా నశిస్తుంది కనుక సాయంత్రమే కొట్టాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనెను కుంకుడు రసంతో బాగా చిలికి, పేనుబంక, తెల్లదోమ దాగే ఆకు అడుగు భాగం తడిసేలా వారానికొకసారి కొట్టండి. నూనె దొరకనప్పుడు 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి వడకట్టినా పనిచేస్తుంది. అక్షింతల పురుగులు పేనుబంకను తింటూ కనిపిస్తే ఆ మొక్క మీద ఏదీ కొట్టకండి.

వంగ, టమాట మొక్కలు పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోతున్నాయి.

వాడిన మొక్క కాండం మొదట్లో కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని మంచినీటిలో వేలాడదీయండి. కోసిన చోటు నుంచి కొద్ది నిమిషాల్లో పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దీనికి మందు లేదు. మొక్కను వేళ్ళతో సహా పీకి తగలబెట్టాలి, కంపోస్టులో వేయకూడదు. ఆ మడిలో కనీసం మూడేళ్ళు వంగ, టమాట, మిరప వేయకుండా ఆకుకూరలో మొక్కజొన్నో వేయండి. అంతగా వంగ కావాలంటే అడవి వంగ వేరుమూలం మీద అంటుకట్టిన మొక్కలు తెచ్చుకోవడం మేలు.

కాకరకాయలు లోపల పుచ్చిపోతున్నాయి.

పండు ఈగ కాయ లేతగా ఉన్నప్పుడే తొక్క కింద గుడ్లు పెడుతుంది. అందుకే కాయ పెరిగాక ఏం కొట్టినా లాభం లేదు. పిందె దశలోనే కాగితపు సంచి తొడగండి. పుచ్చిన కాయలను ఏరి ఉడుకు నీటిలో ముంచి లోపలి పురుగులను చంపాలి. వదిలేస్తే పురుగు నేలలోకి దిగి కోశస్థ దశ గడిపి మళ్ళీ ఈగగా లేస్తుంది. పాదు కింద మట్టిని తరచుగా కదిలిస్తే ఆ కోశాలు ఎండకు చస్తాయి.

కొబ్బరి కింద ఉన్న జామ, అరటి ఆకుల మీద నల్లటి మసి పట్టింది. తుడిచినా మళ్ళీ వస్తోంది.

తెగులు ఆ మొక్కది కాదు, పైనున్న కొబ్బరిది. కొబ్బరి మట్టల అడుగున సర్పిలాకార తెల్లదోమ చేరి తేనెలాంటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింద పడ్డ చోటల్లా మసి బూజు పెరుగుతుంది. ఈ దోమను మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. ఆ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరికీ పాకింది. దీన్ని అణచేది ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కందిరీగ. రసాయన మందు కొడితే ముందుగా చచ్చేది అదే. అందుబాటులో ఉన్న మట్టల అడుగున ఒత్తిడితో నీళ్ళు కొట్టి, జామ ఆకుల మీద పలుచని గంజి చల్లండి. గంజి ఎండినప్పుడు మసి పొరలా ఊడుతుంది. జీవ నియంత్రణ గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో సలహా అడగవచ్చు.

బెండ ఆకుల ఈనెలు పసుపుగా మారాయి.

తెల్లదోమ మోసే వైరస్ ఇది, నయం కాదు. మొక్క పీకేయండి, పసుపు జిగురు అట్టలు కట్టండి, ఈసారి అర్క అనామిక వంటి తట్టుకునే రకం విత్తండి.

## కోత, వరద, విత్తనం

కషాయం కొట్టాక ఎన్ని రోజులకు కోయాలి?

వేప కషాయాలకు రెండు మూడు రోజులు ఆగి, కడిగి వండుకుంటే చాలు. పేడ, మూత్రం కలిసిన ద్రావణాలను పచ్చిగా తినే కొత్తిమీర, కీర దోస వంటివాటి మీద కోతకు ముందు చల్లవద్దు, మట్టికే పోయండి. ప్రకృతి సిద్ధమైనదన్న భరోసాతో ఈ జాగ్రత్త విడిచిపెట్టకూడదు, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇళ్ళలో.

తోట రెండు రోజులు వరద నీటిలో ఉంది. ఏం మిగుల్చుకోవచ్చు?

1986 ఆగస్టులోనూ 2022 జూలైలోనూ వచ్చినంతటి వరదలు అరుదే గానీ, లంకల్లోనూ పల్లపు వీధుల్లోనూ నీరు చేరని వానాకాలం తక్కువ. ముందు నీటికి దారి తీయండి. మిరప, టమాట, వంగ రెండు రోజులు మునిగితే సాధారణంగా తేరుకోవు. అరటి, కొబ్బరి, కంద తట్టుకునే అవకాశం ఎక్కువ. మురుగు కలిసిన నీరు తాకిన ఆకుకూరలు, కోతకు వచ్చిన కాయలు తినకుండా పారేయాలి. నేల ఆరాక పైన కట్టిన ఒండ్రు పొరను పగలగొట్టి కిందిమట్టిలో కలపండి. వచ్చింది సముద్రపు నీరైతే మంచినీటితో కడగకుండా ఏదీ విత్తకూడదు.

మా విత్తనం మేమే దాచుకోవచ్చా?

దేశవాళీ రకమైతే దాచుకోవచ్చు. హైబ్రిడ్ విత్తనం నుంచి తీసింది తల్లిమొక్కను పోలి ఉండదు. చిక్కుడు, టమాట ఎక్కువగా స్వపరాగ సంపర్కం జరిగే పంటలు కనుక అవి తేలిక. ఆనప, బీర వంటివి పక్కింటి రకంతో సులువుగా కలిసిపోతాయి. ఆడపువ్వు విచ్చుకునే ముందు రోజే పలుచని గుడ్డ సంచి కట్టి, చేతితో పరాగ సంపర్కం చేసిన కాయనే విత్తనానికి వదలాలి. ఆ కాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజలు తీసి నీడలో ఆరబెట్టండి. మన గాలిలో తేమ విత్తనానికి ప్రధాన శత్రువు. గింజ పంటితో కొరికితే వంగకుండా పటుక్కున విరిగే వరకు ఆరనిచ్చి, జల్లించిన పొడి బూడిదలో కలిపి గాలి చొరని సీసాలో పోసి, రకం పేరు, కోసిన నెల రాసిన చీటీ అతికించండి. విత్తే కాలానికి ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి మొలకెత్తించి చూస్తే, ఎంత ఒత్తుగా వేయాలో తేలుతుంది.